ఉత్త నీళ్ళు

కారు ఇంజన్ ఆపనే లేదు. రోనన్ స్టీరింగు ముందు నుంచి కదలకుండా అత్తగారికి చెయ్యి మాత్రం ఊపాడు. ఊనాయే లోపలికీ బయటికీ తిరిగి పాలసీసాలు, డైపర్లు, మడత ఉయ్యాల, చంటిదాని దుప్పట్లు అన్నీ వంటింట్లో చేర్చింది. చివరికి పాలు వెచ్చబెట్టే మిషను పట్టుకుని ప్లగ్గు కోసం నాలుగు గోడలూ చూసింది. యేసు తిరుహృదయ పటం కింద వెలుగుతున్న ఎర్రదీపం వైరు పీకేసి, అక్కడ తగిలించింది. ఊనా తల్లి అట్రాక్టా కాపరానికి వచ్చింది మొదలు కరెంటు పోతే తప్ప ఆ దీపం ఆరి ఎరగదు. అయినా, పిల్లకి మూడు నెలలు, తల్లికి కంటి మీద కునుకు లేదు, ఇప్పుడు దీపం గురించి గొడవ దేనికిలే అనుకుంది.

"అమ్మా, ఒక్క మాట," అంది ఊనా గుమ్మంలో ఆగి. "దాన్ని సింకు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు."

"ఏం, స్నానం చేయించొద్దా?"

"స్నానం చేయించు. జ్ఞానస్నానం చేయించకు."

"నేనట్లాంటి పనులు చేసేదానిలా కనపడుతున్నానా?"

"అచ్చం అట్లాగే కనపడుతున్నావు. రోనన్ వాళ్ళమ్మ ఏం చేసిందో తెలుసుగా? తలకి షాంపూ రుద్దుతానని తీసుకెళ్ళి, మా ఆడపడుచు పిల్లలిద్దర్నీ క్రైస్తవుల్ని చేసి పట్టుకొచ్చింది. ఈ మేయో జిల్లాలో అమ్మమ్మలూ నానమ్మలూ కలిసి చర్చి మొత్తాన్ని సింకుల్లో నడుపుతున్నారు."

అట్రాక్టాకి నవ్వొచ్చింది. కూతురికి ఆ నోరు తన దగ్గర్నుంచే వచ్చింది కనక కోప్పడ్డానికి కూడా లేదు.

"నవ్వడం కాదు. ఒట్టు పెట్టు."

"దేని మీద పెట్టమంటావే? నేను నమ్మేది నువ్వు నమ్మవు. నువ్వు నమ్మేదేంటో నాకింతవరకూ అంతుపట్టలేదు."

ఊనా గుమ్మంలోంచి వెనక్కి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. "నా మీద పెట్టు."

ఆ మాటతో అట్రాక్టా మొహంలో నవ్వు పోయింది. "నీ మీద ఒట్టు," అంది. తర్వాత మాట మార్చి, "మీరెళ్ళే పెళ్ళెక్కడన్నావు?" అని అడిగింది.

"కెర్రీలో. సముద్రం ఒడ్డున."

"ఫాదర్ అంత ఇసకలోకి వస్తాడా?"

"ఫాదర్ లేడమ్మా. పెళ్ళికూతురి ఫ్రెండు ఒకమ్మాయి చేయిస్తోంది."

"ఆ పిల్లకేం అర్హత?"

"బాగా మాట్లాడుతుంది."

"అట్లా అయితే మన డీలియాని తీసుకుపోండి. రోజుకి పది పెళ్ళిళ్ళు చేసి పారేస్తుంది."

ఊనా పకపకా నవ్వి, తల్లి చెంప మీద ఒక ముద్దు, పిల్ల అరికాళ్ళ మీద రెండు ముద్దులు పెట్టి పరిగెత్తింది. ఆదివారం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తామని కారు కిటికీలోంచి అరిచింది.

కారు మలుపు తిరిగిందో లేదో, పక్కింటి డీలియా టిమ్లిన్ రాళ్ళగోడ మీదుగా దిగి వచ్చింది. గేటు ఉన్నది వచ్చేపోయే వాళ్ళకి అన్నది ఆమె ఉద్దేశం. ఆమె ఎప్పుడూ గోడ మీదుగానే వస్తుంది, డెబ్బై దాటబోతున్నా సరే. చేతిలో ప్లాస్టిక్ సీసా ఉంది. నాక్ పుణ్యక్షేత్రం దుకాణాల్లో అమ్మే రకం, మరియమాత ఆకారంలో ఉంటుంది. మాత తల మీది నీలం కిరీటమే దానికి మూత. నిండా తీర్థజలం.

"వెళ్ళారా?"

"ఇప్పుడే."

"అయితే టీ తర్వాత పెడుదువుగాని. ముందు సింకులో గోరువెచ్చగా నీళ్ళు పట్టు. దీంట్లోవి నాలుగు చుక్కలు అందులో కలుపుదాం. చల్లటివి పోస్తే కెవ్వుమంటారు, మా మూడోవాడితో నాకదే అయింది."

"డీలియా, ఒట్టు పెట్టానే."

"ఎవరి మీద?"

"ఊనా మీద."

డీలియా కుర్చీ లాక్కుని కూర్చుంది. "దేవుణ్ణి నమ్మని మనిషి మీద పెట్టిన ఒట్టు చెల్లదు."

"ఎవరు చెప్పారు, పోపుగారు ఫోను చేశారా?"

"నాకొకరు చెప్పాలా? నా మనవలు ఐదుగురూ నా సింకులోనే అయ్యారు. ఒక్కడికైనా జలుబు చేసిందా? వాళ్ళ అమ్మానాన్నలకి ఇప్పటికీ తెలీదు. చూస్తూ ఉండు, చర్చి బడిలో వేసే వేళకి వాళ్ళే ఫాదర్ దగ్గరికి పరిగెత్తుకొస్తారు, జ్ఞానస్నానం సర్టిఫికెట్టు ఇమ్మని. ఇంతకీ దీని పేరేంటన్నావు?"

"క్లీనా."

"క్యాలెండరంతా గాలించాను. ఆ పేరుతో ఒక్క పునీతురాలు లేదు. రేపు పైన వాకిట్లో అడిగితే ఏం చెప్పుకుంటుందే పాపం?"

ఆ పాపం దుప్పట్లోంచి డీలియాని చూసి బోసినవ్వు నవ్వింది. అట్రాక్టా దాన్ని భుజాన వేసుకుని, "నన్ను విసిగించకు. ఒట్టంటే ఒట్టే," అంది.

"ఈ మాట ఇంకెవరన్నా ఊరుకుందును. నువ్వంటున్నావేంటే? ఇంతమందిలోనూ నువ్వు..." అని డీలియా ఠక్కున ఆగిపోయింది.

వంటింట్లో పొయ్యి మీది కెటిల్ సన్నగా కూస్తోంది. డీలియా లేచి, సీసాని కిటికీలో జెరేనియం కుండీ వెనక పెట్టి, కోళ్ళకి గింజలు వెయ్యాలంటూ వెళ్ళిపోయింది. డీలియా టీ తాగకుండా ఆ ఇంట్లోంచి వెళ్ళడం ఎప్పుడూ జరగలేదు.

ఆమె మింగేసిన మాటేమిటో అట్రాక్టాకి తెలుసు. ఆ రోజు డీలియా కూడా ఈ ఇంట్లోనే ఉంది. ఇరవై నిండని పిల్ల, వేణ్ణీళ్ళ కెటిల్ పట్టుకుని పడకగది గుమ్మంలో నిలబడి అన్నీ చూసింది.

ఊనా పుట్టడానికి చాలా ఏళ్ళ ముందు సంగతి అది. అట్రాక్టాకి తొలికాన్పు, ఆడపిల్ల. నెలలు నిండకుండానే వచ్చేసింది. ఏడవలేదు గానీ పెదాలు కదిలించింది. మంత్రసాని చూసింది, అట్రాక్టా చూసింది, అత్తగారూ చూసింది. మంత్రసాని వెంటనే కిటికీలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా సరే, తల మీద నీళ్ళు పోసి ఆ నాలుగు మాటలూ అంటే చాలు, అది జ్ఞానస్నానమే. ఈ సంగతి బడిలో అందరిచేతా వల్లె వేయించేవాళ్ళు. తెలియనివాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. కానీ అత్తగారు మంత్రసాని చెయ్యి పట్టుకుంది. "ఫాదర్‌కి కబురెళ్ళింది, వచ్చేస్తూ ఉంటారు. ఆయన వచ్చేసరికి మనమే చేసేసి కూర్చుంటే ఏమనుకుంటారు? పద్ధతి ప్రకారం జరగనీ," అంది.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. మొదటి మనవరాలికి ఏ లోటూ రాకూడదని ఆవిడ తాపత్రయం. మంత్రసాని గ్లాసు తీసి మళ్ళీ కిటికీలో పెట్టేసింది. మంచం మీద నుంచి అట్రాక్టా "పొయ్యండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అత్తగారి మాటకి ఇరవై రెండేళ్ళ కోడలు అడ్డం వెళ్ళడం ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఉంది? బయట ఫాదర్ కారు ఆగిన చప్పుడు అయింది. అప్పటికి పెదాలు కదలడం ఆగిపోయింది. "చనిపోయాక చెయ్యడానికి లేదమ్మా," అన్నారాయన. అన్నప్పుడు ఆయన గొంతు కూడా బాగాలేదు, కానీ లేదన్నది లేదే.

జ్ఞానస్నానం లేని బిడ్డకి చర్చి శ్మశానంలో చోటు లేదు. పూజ లేదు, పేరు లేదు. అలాంటి బిడ్డల్ని చీకటి పడ్డాక తండ్రులే తీసుకెళ్ళి లిషీన్‌లో పెట్టి వచ్చేవాళ్ళు. లిషీన్ అంటే ఊరి అంచున ముళ్ళచెట్లు కమ్ముకున్న పాత మట్టిదిబ్బ. దాన్ని ఎవరూ దున్నరు, ఎవరూ ఆ గడ్డి కొయ్యరు. గడ్డిలో అక్కడక్కడ, బిడ్డకొకటి చొప్పున, తెల్లరాళ్ళు మాత్రం ఉంటాయి. అట్రాక్టా భర్త జార్లత్ సబ్బుల పెట్టె ఒకటి ఖాళీ చేసి, దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చి, బూట్ల మట్టి కడుక్కుని, పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆ తర్వాత కలిసి బతికిన అన్నేళ్ళలోనూ అంతే.

బిడ్డ నరకంలో లేదు. చనిపోయాక పాపాలు కడుక్కునే ఉత్తరించు స్థలంలోనూ లేదు, అక్కడుంటే ప్రార్థనలు చేసి ఎప్పటికో ఒకప్పటికి బయటపడేసుకోవచ్చు. లింబోలో ఉందన్నారు. అక్కడ బాధ ఉండదట, ఆకలి ఉండదట. దేవుడి ముఖం కనపడదు, అమ్మ ముఖం ఎన్నటికీ కనపడదు. అంతే తేడా అని చెప్పారు, అది చిన్న తేడా అయినట్టు.

అట్రాక్టా అంత భక్తురాలు మరొకరు లేరని ఊళ్ళో పేరు. క్రో పాట్రిక్ కొండ ఒట్టికాళ్ళతో ఎక్కింది. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో నల్ల టీ, ఎండు రొట్టె తప్ప ముట్టేది కాదు. ఏ ఆదివారమూ పూజ తప్పలేదు. దాన్ని భక్తి అంటే అనుకోవచ్చు గానీ, ఆమె లోపల నడిపింది వ్యాజ్యం. స్వామీ, ఆ ఒక్క పిల్లని గుమ్మం దాటనివ్వు అని అర్జీ మీద అర్జీ పెడుతూ వచ్చింది. నమ్మకం వల్ల ఆమెకి దొరికిన ఓదార్పు ఏమీ లేదు. నమ్మకం మానేస్తే మాత్రం ఆ పిల్ల తరఫున అడిగే దిక్కు కూడా ఉండదని పట్టుకుని వేలాడింది.

జార్లత్ ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉండగా ఆమె మంచం పక్కన కూర్చుని, మొదటిసారి అడిగింది.

"ఏ రాయి?"

దేని గురించి అని అతను అడగలేదు. "తెలీదే," అన్నాడు. "చీకట్లో పెట్టాను. తెల్లారి వెళ్తే రాళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అప్పట్నించీ గొడ్లని చూడ్డానికి పోయినప్పుడల్లా అన్నిటికీ టోపీ తీస్తున్నాను."

మళ్ళీ అతనే అన్నాడు. "నేను పైకి పోతే, అక్కడ అది ఉండదుగా అట్రాక్టా?"

ఆమె అతని చెయ్యి నొక్కి పట్టుకుంది. ఉంటుందని అనలేకపోయింది, అబద్ధమాడి పంపితే అక్కడ పట్టుబడతాడేమోనని భయపడింది. జార్లత్ ఆ ప్రశ్నతోనే పోయాడు.

అతను పోయిన రెండో ఏడు, కొత్తగా వచ్చిన ఫాదర్ గిల్డే లిషీన్‌ని ఆశీర్వదించే పూజ పెట్టాడు. డేరా వేశారు, మైకు పెట్టారు, నున్నటి నల్లరాతి పలక నిలబెట్టారు. ఎన్నో ఏళ్ళుగా చర్చి మొహం చూడనివాళ్ళు కూడా వచ్చారు. లింబో అన్నది చర్చి ఎన్నడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదనీ, అది కొందరు పండితుల అభిప్రాయమేననీ, ఈ పసివాళ్ళంతా మొదటినుంచీ దేవుడి ఒడిలోనే ఉన్నారని మనం నిశ్చింతగా ఆశించవచ్చనీ ఫాదర్ చెప్పాడు. ముసలమ్మలు ఒకళ్ళనొకళ్ళు కావలించుకుని ఏడ్చారు. డీలియా అయితే హోరున ఏడ్చింది. అట్రాక్టా మాత్రం టీ బల్ల దగ్గరికి వెళ్ళి ఫాదర్ ఎదురుగా నిలబడింది.

"మొదటినుంచీ అన్నారు ఫాదర్."

"అవునమ్మా. మొదటినుంచీ."

"మరి మా ఆయనకి ఎవరూ చెప్పలేదేం?"

ఫాదర్ గిల్డే చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. మంచి కుర్రాడు, ఆ రోజులకి పుట్టనైనా లేదు. "చర్చికి కూడా అర్థం కావడానికి కాలం పట్టిందమ్మా," అన్నాడు మెల్లగా.

"మాకు పట్టనివ్వలేదు ఫాదర్. ఆ సాయంత్రమే పాతిపెట్టించారు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి కూడా ఆమెకి జాలి కలగలేదు. ఇంటికి వచ్చి, కోటైనా విప్పకుండా కూర్చుంది. బతుకంతా నడిపిన వ్యాజ్యం గెలిచావని చెప్పలేదు వాళ్ళు. అసలు అలాంటి వ్యాజ్యమే ఎన్నడూ లేదన్నారు.

ఆ తర్వాత కూడా ఆమె పూజకి వెళ్తూనే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇప్పుడు ఫాదర్ ఒక్కడే, చర్చిలు మూడు, వంతులవారీగా పూజ. వచ్చేది పదిమందో పన్నెండుమందో, అందరూ తెల్లజుట్టువాళ్ళే. ఫాదర్‌కి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం పెట్టెలో ఇప్పుడు వాక్యూమ్ క్లీనర్ పెట్టుకుంటున్నారు. ఊనా వయసు వాళ్ళంతా నవ్వుకుంటూ, తిట్టుకుంటూ, టీవీలో వచ్చిన ఫాదర్ల ఘోరాలు చూసి అసహ్యించుకుంటూ తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. అట్రాక్టా ఎక్కడికీ వెళ్ళలేదు. ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే కూర్చుని, ఎప్పుడూ చెప్పే ప్రార్థనలే చెబుతుంది. మాటలు నోటికి వస్తాయి, వినేవాళ్ళున్నారని మాత్రం అనిపించదు. ఈ సంగతి ఆమె డీలియాకి కూడా చెప్పలేదు.

నమ్మకం పోయింది గానీ భయం పోలేదు. ఊనా వాళ్ళు వెళ్ళిన మర్నాడు, శనివారమంతా ఆమె ఆ భయంతోనే గడిపింది. క్లీనా నిద్రపోతే వంగి ఊపిరి చూసేది. మెలకువగా ఉంటే ఒళ్ళు వెచ్చబడిందేమోనని నుదురు తాకేది. ఏమీ కాలేదు పిల్లకి, రాయిలా ఉంది, పాలు తాగి గొడవ చేసి నిద్రపోయింది. అట్రాక్టా కళ్ళు మాత్రం మాటిమాటికీ కిటికీ వైపు, కుండీ వెనక తొంగిచూస్తున్న నీలం కిరీటం వైపు పోయాయి. లింబో లేదని పై వాళ్ళే చెప్పారు కదా. లేదని ఒకసారి చెప్పినవాళ్ళు, ఉందని రేపు మళ్ళీ చెప్పరని ఏముంది?

ఆదివారం పొద్దున ఆ ఊరి చర్చిలో పూజ వంతు లేదు. అట్రాక్టా సింకులో గోరువెచ్చటి నీళ్ళు పట్టి, అడుగున తువ్వాలు పరిచి క్లీనాకి స్నానం చేయించింది. పిల్ల నీళ్ళని కాళ్ళతో తన్ని, అలిసిపోయి, తల అమ్మమ్మ అరచేతిలో వాల్చి కళ్ళు మూసుకుంది. ఏదో పాల కల వచ్చిందేమో, చప్పుడు లేకుండా పెదాలు కదిలించింది.

అలా కదిలిన పెదాల్ని అట్రాక్టా ఇదే ఇంట్లో ఒకసారి చూసింది. ఆలోచించకుండానే చెయ్యి కుండీ వెనక్కి పోయింది. పళ్ళతో కిరీటం తిప్పి ఊడబెరికింది. సీసా పిల్ల నుదుటి మీదికి వంచబోతూ, "క్లీనా, పితయొక్కయు..." అని ఆ నాలుగు మాటలూ మొదలుపెట్టింది.

చెయ్యి అక్కడే నిలిచిపోయింది. ఒట్టు గుర్తుకొచ్చి కాదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఒట్టు ఆమెకి గుర్తే లేదు. ఈ పిల్లకి ఇప్పుడు నీళ్ళు పోస్తే, నీళ్ళు లేనివాళ్ళకి లోపల చోటు లేదని తన చేత్తో తనే ఒప్పుకున్నట్టు. వాళ్ళు మూసిన తలుపుని ఈసారి కన్నతల్లే వెళ్ళి మూసినట్టు. వద్దు. నీళ్ళు లేకుండా ఆ పిల్ల ఎక్కడుంటే, ఎప్పటికైనా ఈ పిల్లా అక్కడే ఉంటుంది. రాణుల్లా కలిసి ఉంటారు. అది ఎక్కడన్నది ఇంక ఫాదర్లు చెప్పనక్కర్లేదు.

అలా అనుకుంది గానీ ఆమెకి ఏడుపు ఆగలేదు. పిల్లని గుండెకి ఆనించుకుని, సింకు గట్టు పట్టుకుని, వంగి ఏడ్చింది. ఈ వయసులో, ఇంత ఆలస్యంగా, మనసులోనే ఆమె ఆ చర్చిలోంచి బయటికి నడిచింది. నడిచాక వెనక్కి చూస్తే, అందులో తన బతుకంతా ఉండిపోయింది.

పిల్లకి బట్టలు తొడిగాక సీసా సంగతి మిగిలింది. తీర్థజలం సింకులో పొయ్యకూడదు, నేల మీదే పొయ్యాలి. అది చిన్నప్పుడే నేర్చుకున్నది. నమ్మినా నమ్మకపోయినా చేతులకి ఆ అలవాటు పోదు. పెరట్లో పోసి రావచ్చు. ఆమె పిల్లని తోపుడుబండిలో పడుకోబెట్టి, మూతలేని సీసా కాళ్ళ దగ్గర నిలువునా దోపి, కోటు వేసుకుని గేటు తీసింది. సన్నగా తుంపర పడుతోంది. ఎటు వెళ్తోందో ఆమె తనకి కూడా చెప్పుకోలేదు గానీ, కాళ్ళు లిషీన్ వైపే పోయాయి.

నల్లరాతి పలక మీద మంచి మాటలు చెక్కి ఉన్నాయి. అట్రాక్టా వాటిని దాటుకుని ముళ్ళచెట్ల కిందికి బండి తోసింది. మొదటి తెల్లరాయి దగ్గర ఆగి సీసా వంచింది. అన్నీ అక్కడే పోసేద్దామనుకుంది. పక్క రాయి మీద చూపు పడింది. ఏమో, ఇదే అయితే? దాని మీద కాస్త పోసింది. ఆ తర్వాతది. జార్లత్ టోపీ తీసినట్టు, ఒక్కో రాయి దగ్గరా వంగి, కొంచెం కొంచెం పోసుకుంటూ వెళ్ళింది. పూజలో చెప్పే మాటలేవీ అనలేదు. "ఆలస్యమైందే తల్లీ," అంది మొదటిదాని దగ్గర. ప్రతి రాయికీ అదే మాట చెప్పింది. పొదల దాకా వచ్చేసరికి సీసాలో చుక్కలే మిగిలాయి. పొదల కింద ఇంకా కొన్ని రాళ్ళు ఉన్నాయి. ముళ్ళలోకి చెయ్యి పోనిచ్చి, తడి వేళ్ళతో అందినవాటిని తుడిచింది. అందనివి అలాగే ఉండిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి ఊనా వాళ్ళ కారు వాకిట్లో ఉంది. రోనన్ కెటిల్ పెట్టాడు. ఊనా పరిగెత్తుకొచ్చి బండిలోంచి పిల్లని ఎత్తుకుని, తల మీద ముద్దు పెట్టి, ఆగింది. జుట్టు తడిగా ఉంది. బండిలోకి చూసింది. కిరీటం లేని మరియమాత ఖాళీగా పడి ఉంది.

"ఒట్టు!" అంది ఊనా. "నా మీద పెట్టిన ఒట్టు! రోనన్, చూశావా మా అమ్మని?"

"మా అమ్మ సంఘంలో చేరిపోయారన్నమాట," అని అతను నవ్వాడు.

ఊనా కూడా నవ్వేసింది. పెళ్ళి బాగా జరిగినట్టుంది, మొహం వెలిగిపోతోంది. "పోనీలే అమ్మా, బిక్కమొహం వెయ్యకు. నాకేం కోపం లేదు. ఎంతైనా ఉత్త నీళ్ళేగా."

అట్రాక్టా కోటు గుండీలు విప్పుతూ ఆగింది. ఆ ఉత్త నీళ్ళు ఒక గ్లాసుడు, అందేంత దూరంలో, ఆ రోజు పడకగది కిటికీలోనే ఉన్నాయి.

"దీనికి పొయ్యలేదు," అంది.

"మరి సీసా ఖాళీగా ఉందేం? ఎవరికి పోశావు?"

"మీ అక్కకి."

ఊనా ఇంకా నవ్వుతూనే ఉంది. "ఏ అక్కకి?" అంది. తల్లి మొహం చూసి అప్పుడు నవ్వు మానేసింది.

అట్రాక్టా నిలబడే చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. గ్లాసు గురించి చెప్పింది, సబ్బుల పెట్టె గురించి చెప్పింది, నాన్న ఆస్పత్రిలో అడిగిన మాట చెప్పింది. రోనన్ చప్పుడు కాకుండా వెళ్ళి కెటిల్ కట్టేశాడు. ఊనా పిల్లని అతని చేతికిచ్చి, తల్లి ఎదురుగా కూర్చుండిపోయింది.

"నాన్న ప్రతి సాయంత్రం అక్కడికే వెళ్ళేవాడు," అంది. "గొడ్లు ఇటుంటే అటెందుకు పోతాడా అనుకునేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "పేరేంటమ్మా తనకి?"

"పేరెక్కడిదే. పేరు పెట్టేది నీళ్ళతోనేగా."

"ఎక్కడుంది?"

"తెలీదు. నాన్నకీ తెలీదు. అందుకే అందరికీ తలా కాస్త పోసి వచ్చాను. పొదల కింద ఉన్నవాళ్ళకి చాల్లేదు." అట్రాక్టా ముళ్ళు గీరుకున్న వేళ్ళు చూసుకుంది. "అది ఆ పొదల కిందే ఉంటే ఏం చెయ్యనే? మళ్ళీ దానికే చాల్లేదు."

ఊనా లేచింది. బండిలోంచి సీసా తీసి, చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది. చుక్క లేదు. సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, సీసా నిండేదాకా పట్టుకుని, కిటికీలో దొరికిన నీలం కిరీటం బిగించింది.

"అవి మామూలు నీళ్ళే ఊనా," అంది అట్రాక్టా.

"తెలుసమ్మా," అంది ఊనా. "కోటు విప్పకు. ఆ పొదలెక్కడో చూపించు పద."